రెండోసారి అడగని ఊరు

బిలపురం బడి వంటశాల దినచర్య. రాస్తున్నది అవనిజ, వంటశాల పెద్ద.

బడి రోజు 58

ఈ రోజు 214 మంది తిన్నారు. మిగులు బుట్టలో పడింది 340 గ్రాములు. అందులో సగం కరివేపాకు రెబ్బలు, మిగతా సగం పన్ను ఊడిన పిల్ల ఎవరో కొరకలేక వదిలేసిన మొక్కజొన్న కండె. నాకు ముందు ఈ వంటశాల నడిపినాయన హయాంలో రోజుకి తొమ్మిది కిలోలు పడేది. గొప్పలు చెప్పుకోకూడదంటారు. నేను చెప్పుకుంటాను. నా వంట గురించి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

తాలింపు వేసే పెట్టె మూత ఈ రోజు కూడా సరిగ్గా పడలేదు. ఆవాలు చిటపటమని లేచి పైకప్పుకి కొట్టుకుని, తీరిగ్గా ఒక్కొక్కటే దిగొచ్చాయి. చంద్రుడి మీద మూత వెయ్యకుండా తాలింపు పెట్టిన వాళ్ళకి రోజంతా జుట్టులో ఆవాలే. గాలి శుద్ధి చేసే వాళ్ళు మాకు రోజుకి పదకొండు నిమిషాల పొగకి మాత్రమే ఒప్పుకున్నారు. ఆ పదకొండు నిమిషాల్లో పప్పుకీ, చారుకీ, కూరకీ తాలింపు వేసి చూపిస్తాను, ఎవరైనా పందెం కాస్తే.

సగం ఘనత వడ్డన మరకి ఇవ్వాలి. అది నాలుగు గరిటెలతో పట్టాల మీద నడుస్తుంది. పిల్లలు పళ్ళెం పెట్టగానే కొంచెం కొంచెంగా వేస్తూ పోతుంది, "చాలు" అనగానే ఆగిపోతుంది. ఆ నియమం పెట్టించింది నేనే. ఎంత కావాలో చెప్పు, అంతే పెడతారు, పెట్టింది తిను. మా అమ్మ కాలంలో పంట సొరంగం మాడిపోయి ఊరంతా ఏడాదిన్నర పాటు గ్రాముల చొప్పున తిన్నది. మా ఊరి మర్యాదలు రెండూ అప్పుడే పుట్టాయి. ఆకలి దగ్గర అబద్ధం ఆడకూడదు. చాలన్న మనిషికి మళ్ళీ పెట్టకూడదు. "బతిమాలి పెట్టేవాడి గరిటెలో ఇంకొకరి వాటా ఉంటుంది" అనేది మా అమ్మ.

లంకల నుంచి వచ్చిన పిల్లలు కూడా ఈ పద్ధతికి ముచ్చటగా అలవాటు పడ్డారు. మొత్తం 41 మంది. గోదావరి లంకలు మునిగాక తల్లిదండ్రులతో కలిసి ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. వాళ్ళ పళ్ళేలు చూస్తే కడిగినవో కడగాల్సినవో తెలియదు, అంత శుభ్రం. తక్కువ తింటారు, నిజమే. కొత్తగా వచ్చిన వాళ్ళకి ఇక్కడ ఒళ్ళు తేలికై ఆకలి మందగిస్తుంది. అదే సర్దుకుంటుంది.

బడి రోజు 60

సర్దుకోలేదు.

మధ్యాహ్నం డాక్టర్ నస్రీన్ వంటశాలలోకి వచ్చింది. నస్రీనూ నేనూ ఒకే బల్ల మీద చదువుకున్నాం. అయినా చేతిలో రికార్డు పలక ఉన్నప్పుడు నాకు డాక్టరే.

"అవనిజా, కొత్త పిల్లలు చిక్కిపోతున్నారు" అంది.

"ఎవరూ? నా దగ్గర తినేవాళ్ళా?"

"నలభై ఒక్కమందిలో ముప్ఫై ఆరుగురు."

ఇక్కడి త్రాసు ఆరో వంతు బరువే చూపిస్తుంది కాబట్టి ఆరుతో హెచ్చవేసి చెప్పింది. సగటున కిలోన్నర తగ్గారు. నూకరత్నం అనే ఎనిమిదేళ్ళ పిల్ల రెండున్నర కిలోలు తగ్గింది. ఈ పిల్లలు ఉదయం, మధ్యాహ్నం బడిలోనే తింటారు, ఇంటి దగ్గర రాత్రికి జావ తాగి పడుకుంటారు. అంటే తప్పు ఎక్కడ జరుగుతోందో వెతకడానికి చోటు ఒక్కటే ఉంది. నా వంటశాల.

"డెబ్బై ఎనిమిదో రోజున మళ్ళీ తూస్తాను" అంది నస్రీన్. "అప్పటికీ పెరగకపోతే నియమం నీకు తెలుసు. ఆ పిల్లల్ని వైద్యశాలలో పెట్టి ముక్కులోంచి గొట్టం వేసి పట్టించాలి. వంటశాల మూసేసి అందరికీ భూమి నుంచి వచ్చే పొట్లాలే పంచుతారు. నా చేతుల్లో ఏమీ లేదే."

నాకు కోపం వచ్చింది. నా వంట తిని చిక్కిపోవడమేమిటి అని గట్టిగానే అరిచాను. నస్రీన్ వెళ్ళాక భయం వేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల ముక్కులో గొట్టం. కోపం ముందు వచ్చింది కాబట్టి అదే ముందు రాశాను.

బడి రోజు 63

మూడు రోజులుగా రుచి మీద పడ్డాను. మా ఊరి వంట వాళ్ళ నాలుకకి ఎక్కడం లేదేమో అని అనుమానం.

గోడ అవతల పళ్ళేలు కడిగే మంగతాయారు లంకల మనిషే. నాకన్నా పదేళ్ళు పెద్దది, మాటకి ముందు నవ్వు. ఆవిడని పొయ్యి దగ్గరికి పిలిచి అడిగాను.

"అరటికాయ ఉందాండి?" అంది.

"పొట్టి రకం, ఆరో సొరంగంలో కాస్తాయి."

"అయితే ఆవ పెట్టిన కూర చెయ్యండి. ఆవ ఘాటు తగిలిందంటే మా పిల్లలు గిన్నె కూడా ఉంచరండి."

చేశాను. ఆవాలు నూరిన ఘాటుకి కొత్త పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నూకరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఘాటుకో మరి దేనికో. పళ్ళెం పెట్టింది. మర ఒక గరిటె అన్నం, ఒక గరిటె కూర వేసింది.

"చాలండి" అంది ఆ పిల్ల.

మర ఆగిపోయింది. నూకరత్నం వేళ్ళు నాకి, పళ్ళెం నాకి, మెతుకు లేకుండా తెచ్చి ఇచ్చింది. నేనే దగ్గరికి వెళ్ళి సూటిగా అడిగాను.

"ఆకలి తీరిందా అమ్మా?"

"తీరిపోయిందండి. కడుపు నిండిపోయిందండి."

ఆకలి దగ్గర అబద్ధం ఆడే పిల్లని నేను జన్మలో చూడలేదు. తీరిందంటే తీరినట్టే. ఇక వంటలో మార్చడానికి ఏముంది? అసలు రోగం ఒంట్లోనే ఉందేమో చూడమని నస్రీన్‌కి కబురు పెట్టాను. రక్తం, పేగులు, అన్నీ పరీక్షించింది. రోగం లేదంది.

బడి రోజు 66

ఇక్కడ ఎముకలు పలచబడకుండా పిల్లలంతా రోజూ నడుముకి పట్టీలు కట్టుకుని పరుగు పట్టీ మీద గంట సేపు పరుగెత్తాలి. ఈ రోజు పరుగు మధ్యలో నూకరత్నం పడిపోయింది.

చంద్రుడి మీద పడితే దెబ్బ తగలదు. మెల్లగా, చాలా మెల్లగా కిందికి వచ్చింది. తల వాలిపోవడం, చేతులు వదులైపోవడం అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, నేను వంటశాల గుమ్మం దగ్గర నుంచి పరుగెత్తుతూనే ఉన్నాను. ఎంత పరుగెత్తినా ఆ పిల్ల నేలకి ఆనాకే చేరుకోగలిగాను.

మొహం మీద నీళ్ళు చల్లితే లేచింది. బెల్లం కలిపిన నిమ్మరసం ఒక గ్లాసు ఇచ్చాను. గటగటా తాగింది. "చాలండి" అంది. గ్లాసు తీసుకుని వచ్చేశాను.

రోజు 67, బడికి సెలవు

మంగతాయారు ఉండే నాలుగో సొరంగానికి వెళ్ళాను. నూకరత్నం వాళ్ళది ఆవిడ పక్క గదే. ఆ పిల్ల ఎందుకు తినడం లేదో ఎవరైనా చెప్పగలిగితే ఆవిడే చెప్పాలి.

నోరు తెరవనివ్వలేదు. "ముందు నాలుగు మెతుకులు తినండి, మాటలెక్కడికీ పోవండి" అని పళ్ళెం వేసేసింది. అన్నం, తోటకూర పులుసు. అది ఆవిడ వారం వాటా లోంచి తీసి వండింది. చూస్తూనే తెలిసింది నాకు. పెట్టినది తిని, సరిపోయాక "చాలు" అన్నాను.

ఆవిడ ఇంకో గరిటె అన్నం వేసింది.

ఉలిక్కిపడి పళ్ళెం వెనక్కి లాగాను. అన్నం గాల్లోకి లేచింది. ఇద్దరం దోసిళ్ళు పట్టి మెతుకులన్నీ కిందపడక ముందే ఏరుకున్నాం. నాకు మొహం వేడెక్కిపోయింది. మా ఊళ్ళో ఇంతకన్నా పెద్ద అవమానం లేదు.

"చాలన్నాను కదండీ!"

"అన్నారు లెండి. చాలంటే పెట్టడం మానేత్తారేటండి ఎవరైనా?"

"మా ఊళ్ళో మానేస్తారు."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "అందరూనా?"

"అందరూ. చాలన్న మనిషికి మళ్ళీ పెట్టడమంటే నువ్వు అబద్ధం ఆడుతున్నావని మొహం మీద అనడం."

"ఓరి నాయనోయ్" అని మంగతాయారు నేల మీద కూలబడింది. "మా దగ్గర మొదటిసారి పెట్టగానే చాలనాలండి. అనాపోతే తిండిపోతంటారు. అప్పుడు ఇంటావిడ ఇంకోసారి ఏత్తాది. వద్దొద్దంటానే తింటాం. మూడోసారికి నిజంగా నిండితే ఇదిగో ఇలాగ" రెండు చేతులూ పళ్ళెం మీద అడ్డం పెట్టి చూపించింది, "ఇలాగ కప్పేత్తాం. అప్పుడు ఆపుతారండి."

"రెండోసారి పెట్టకపోతే?"

ఆవిడ పమిట కొంగుతో గరిటె తుడిచింది.

"పెట్టాపోతే, ఆళ్ళ దగ్గర లేదని అర్థమండి. లేనోళ్ళింట్లో కడుపునిండా ఎలా తింటామండి? మేం పిల్లలకి అదే సెప్పాం. ఈ ఊరోళ్ళు మంచోళ్ళు, ఉన్న దాంట్లోనే మనకీ పెడతన్నారు, రెండోసారి అడగట్లేదంటే ఆళ్ళకే సరిపోవట్లేదు. కాసిన్నే పెట్టించుకోండి, మెతుకు పారెయ్యకండి, ఆకలంటే మాత్రం పైకి అనకండి అని."

గోదాములో నా దగ్గర పద్నాలుగు నెలల బియ్యం ఉంది. పప్పులు, నూనె, ఎండబెట్టిన కూరలు ఉన్నాయి. మేము పస్తులుంటామని ఆ పిల్లలు పస్తులున్నారు. నేను వాళ్ళ పళ్ళేలు చూసి మురిసిపోయాను, దినచర్యలో గొప్పగా రాసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమండీ?" అన్నాను.

"నేను గోడవతల పళ్ళేలు కడుక్కుంటానండి. వడ్డన ఎప్పుడు సూశాను?" అంది. "ఇవాళే అందరి గదులకీ ఎళ్ళి సెప్తాను. కానీ సెప్తే పోయేది కాదండి ఇది."

చెప్తే పోదని నేను నమ్మలేదు. ఉన్న పరువు కొద్దీ పళ్ళెంలో మిగిలినదంతా తిని లేచాను.

బడి రోజు 69

ఆవిడ చెప్పిందే నిజమైంది.

నిన్న లంకల కుటుంబాలన్నిటినీ గోదాములోకి తీసుకెళ్ళి బస్తాలు చూపించాను. "బోల్డుందండి" అన్నారు మర్యాదగా. ఈ రోజు ఉదయం వాళ్ళ పిల్లలు మళ్ళీ ఒక గరిటెకే "చాలండి" అన్నారు.

మరకి బుద్ధి చెబుదామని మధ్యాహ్నానికి కొత్త నియమం పెట్టించాను. చాలన్నా సరే రెండుసార్లు "ఇంకొంచెం?" అని అడగాలి, ఇంకొంచెం వెయ్యాలి. అరగంటలో వంటశాల సంతలా తయారైంది. బిలపురం పిల్లలు పళ్ళేలు లాక్కున్నారు. ఏడో తరగతి ఇంద్రనీల్ "ఇది నన్ను అబద్ధాలకోరంటోంది" అని ఏడ్చాడు. వాళ్ళ అమ్మ వచ్చి నాతో దెబ్బలాడింది, ఆవిడ తప్పేమీ లేదు. మిగులు బుట్టలో ఏడు కిలోలు. పోనీ, లంకల పిల్లలు తిన్నారా అంటే అదీ లేదు. మర ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చాలండి, చాలండి.

నూకరత్నాన్ని పక్కకి పిలిచాను.

"అది అడుగుతోంది కదమ్మా, పెట్టించుకోవచ్చు కదా?"

నావంక జాలిగా చూసింది. "అది మర కదండీ. మనం తిన్నా తినాపోయినా దానికొకటేనండి."

వంటశాల పెద్దనై ఆరేళ్ళైంది. ఎనిమిదేళ్ళ పిల్లకి తెలిసింది నాకు తెలియలేదు.

బడి రోజు 70

మరకి పాత నియమమే తిరిగి పెట్టించాను. దాని దగ్గర తినే వాళ్ళు అక్కడే తింటారు. కావాలన్న వాళ్ళకి ఈ రోజు నుంచి కింద చాపలు పరిచి పంక్తి. మంగతాయారుని పళ్ళేలు కడిగే పని నుంచి తప్పించి వడ్డనకి పెట్టాను. పంక్తిలో సగం ఆవిడది, రెండో సగం నాది.

ఆవిడ వడ్డన చూసి తీరాలి. ఇక్కడ పులుసు పైనుంచి పోస్తే పళ్ళెంలోంచి ఎగిరి పక్కవాడి ఒళ్ళో పడుతుంది కాబట్టి ఒంగి, గరిటె పళ్ళేనికి ఆనించి వెయ్యాలి. మొదటి గంటలోనే పట్టేసింది. నోరు మాత్రం ఊరుకోదు. "ఇదిగో ఈ మూల ఖాళీగా ఉంది సూడు." "నా తల్లివి కదూ, ఒక్క ముద్ద." "నువ్వు తినాపోతే నేనూ తిననంతే." పిల్లలు వద్దొద్దంటూ పళ్ళేలు మాత్రం ముందుకే జరుపుతున్నారు. వాళ్ళు నవ్వుతుంటే చూడటం ఇదే మొదటిసారి.

నా సగంలో అలా జరగలేదు. పిల్ల "చాలండి" అనగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తోంది. మళ్ళీ వెయ్యాలని తెలుసు, నోట్లో మాట రాదు. పద్దెనిమిది మందికీ ఒక్కో గరిటే వేసి, దొంగలా ఇవతలికి వచ్చాను. నూకరత్నం నా సగంలోనే కూర్చుంది.

"అదేటండీ, పొయ్యి కాడ పులిలాగుంటారు, గరిటె పట్టుకుంటే కొత్త కోడలైపోతారు" అంది మంగతాయారు.

"నా వల్ల కాదండి. పంక్తంతా మీరే చూడండి."

"నలభై మందికి ఒక్క చేత్తో నేనెక్కడ తిరగనండి? అయినా మీరు పెద్ద. మీరు పెడితేనే లెక్క."

బడి రోజు 72

నస్రీన్ తూచడానికి ఇంకా ఆరు రోజులుంది. మంగతాయారు సగంలో పిల్లలు రెండోసారీ మూడోసారీ పెట్టించుకుంటున్నారు. నా సగంలో ఇంకా ఒక్క గరిటే.

ఈ రోజు నూకరత్నం ముందు ఒంగి గోంగూర పప్పు వేశాను. "చాలండి" అంది. నా చెయ్యి ఆగింది. మా అమ్మ పోయి పదేళ్ళైంది, అయినా మోచెయ్యి ఆవిడే పట్టుకుని ఆపినట్టనిపించింది. ఆ పిల్ల మణికట్టు చూశాను. గాజు మోచేతి దాకా జారిపోయింది.

మంగతాయారు మాటలు నా నోటికి రావు. నువ్వు తినకపోతే నేనూ తిననని నేను అనలేను, ఎందుకంటే తింటాను. ఆకలి దగ్గర అబద్ధం ఆడటం నాకు చేతకాదు. అందుకని చాప మీద ఆ పిల్ల ఎదురుగా కూర్చుని నిజమే చెప్పాను.

"నూకరత్నం, లోపల ఇంకో గిన్నె నిండా పప్పుంది. నువ్వు తింటే ఎవరికీ తక్కువ కాదు. ఆ రోజు నువ్వు పడిపోతుంటే ఎంత పరుగెత్తినా పట్టుకోలేకపోయాను. నువ్వు ఆకలితో లేస్తే నాకు ఈ పూట అన్నం రుచించదు. ఇది అబద్ధం కాదు."

గరిటె నిండా పప్పు తీసి వేశాను. ఒంగడం మరిచి వేశానేమో, సగం ఎగిరి చాప మీద పడింది. ఇంకోటి వేశాను.

ఆ పిల్ల తలెత్తలేదు. పళ్ళెం వెనక్కి లాక్కోలేదు. అన్నం మధ్యలో వేలితో గుంట చేసి, పప్పు అందులోకి జరుపుకుంది. తర్వాత తినడం మొదలుపెట్టింది. అంత ఆకలి పిల్లల్లో ఉంటుందని నాకు తెలియదు. మూడోసారి వెయ్యబోతే రెండు చేతులూ పళ్ళెం మీద కప్పేసింది. ఆగాను.

పంక్తిలో మిగిలిన పదిహేడు మందికీ వేశాను. ఎవరి దగ్గరా ఒకే మాట చెప్పలేదు, అందరి దగ్గరా నిజమే చెప్పాను. చివరికి వచ్చేసరికి గొంతు పోయింది. ఊళ్ళో అందరికన్నా బాగా వండేది నేనే అని నాకెప్పుడూ అనుమానం లేదు. పెట్టడం మాత్రం ఈ రోజే వచ్చింది.

బడి రోజు 78

నస్రీన్ ఉదయం ఏడింటికే త్రాసు పట్టుకొచ్చింది. 41 మందిని వరసగా నిలబెట్టింది. నేను పొయ్యి దగ్గర ఉండలేక తాలింపు నా కింద పనిచేసే వాళ్ళకి వదిలి గుమ్మంలో నిలబడ్డాను. ఒక్కొక్కరినీ ఎక్కించి, ఆరుతో హెచ్చవేసి రాసుకుంటోంది. మొహంలో ఏమీ తెలియనివ్వదు, చిన్నప్పటి నుంచీ అంతే.

ముప్ఫై తొమ్మిది మంది పెరిగారు. ఇద్దరు పెరగలేదు గానీ తగ్గలేదు. నూకరత్నం తొమ్మిది వందల గ్రాములు పెరిగింది.

"ఇంకా కిలోన్నర పైనే రావాలి" అంది నస్రీన్.

"వస్తుంది."

"ఏంటే అంత ధైర్యం?"

"వండేది నేను" అన్నాను.

నవ్వి, గొట్టాలు తెచ్చిన పెట్టెకి మూత వేసి సంతకం పెట్టింది. పిల్లలు వైద్యశాలకి వెళ్ళక్కర్లేదు. వంటశాల నడుస్తుంది.

మధ్యాహ్నం పంక్తిలో అరవై మందికి పైగా కూర్చున్నారు. మర దగ్గర తినే మా ఊరి పిల్లలు కొందరు వింత చూద్దామని వచ్చి చేరారు. వాళ్ళు చాలంటే ఆపుతున్నాం, లంకల పిల్లలు చాలంటే వేస్తున్నాం, ఎవరు ఎవరో మంగతాయారు నాకన్నా బాగా గుర్తుపెట్టుకుంటోంది. నేను ఒక చివర మజ్జిగ పోస్తూ ఉన్నాను. ఇంతలో ఇంకో చివర నుంచి నోటి నిండా అన్నంతో ఒక గొంతు వినిపించింది.

"అవనిజత్తా! పప్పు ఇటు రావాలి!"

నూకరత్నం. ఎవరూ అడగలేదు, ఎవరూ బతిమాలలేదు. చెయ్యెత్తి పిలుస్తోంది.

మంగతాయారు అన్నం గిన్నె కింద పెట్టేసింది. మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏం లేదండి. పరాయింట్లో ఎవరూ అలా కేకేసి ఏయించుకోరండి. అమ్మనే అడుగుతారు."

మజ్జిగ అక్కడే వదిలేసి పప్పు గిన్నె తీసుకుని వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల అన్నంలో గుంట చేసుకుని సిద్ధంగా ఉంది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. వేశాను. పక్కన ఉన్న వాళ్ళు కూడా అడిగారు, వాళ్ళకీ వేశాను. గిన్నె అడుగు కనిపించింది.

రేపు పప్పు రెండు కిలోలు ఎక్కువ వెయ్యాలి.